పాతబస్తీలో నూరేళ్ల ఇల్లు: మరమ్మతుకు ఏ అనుమతులు, ఏ వరుసలో?

కడీలు_కమాన్లు

ఇల్లు చార్మినార్ దగ్గర. కింద ఒక అంతస్తు, పైన ఒకటి, నడుమ ఆంగన్ (లోపలి వాకిలి). గోడలు సున్నం, ఇటుక. కప్పు మద్రాసు టెర్రస్, అంటే కలప కడీల (దూలాల) మీద ఇటుక, సున్నం. పై అంతస్తులో 4 × 5 మీటర్ల గది కప్పు కుంగింది. మూడు కడీల చివర్లు గోడలో పుచ్చిపోయాయి. గూగుల్ మ్యాప్‌లో కొలిస్తే చార్మినార్ నుంచి 180 మీటర్లు చూపిస్తోంది.

చేయాల్సిన పనులు: ఆ గది కప్పు, వీధి వైపు గోడకు ప్లాస్టర్, ఇంటికంతా కొత్త వైరింగ్, ఆంగన్‌లో బాత్రూమ్, మిద్దె మీద 1000 లీటర్ల ట్యాంకు. వారసులు ముగ్గురు, ఒకరు డాలస్‌లో ఉంటారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? జీహెచ్‌ఎంసీకా, పురావస్తు వాళ్లకా?

దస్తావేజు_దారి

ముందు ఆ 180 మీటర్లు తేల్చండి. మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది.

దూరం కొలవాల్సింది కట్టడం గోడ నుంచి కాదు, నోటిఫికేషన్‌లో ఉన్న రక్షిత హద్దు నుంచి. ఆ హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే మొత్తం 300 మీటర్లు. మ్యాప్‌లో మినార్ మధ్య నుంచి గీసిన గీతకూ అసలు హద్దుకూ పది ఇరవై మీటర్ల తేడా మామూలే. 180 దగ్గర ఆ తేడా వల్ల నష్టం లేదు, 110 దగ్గరైతే మొత్తం కథే మారిపోతుంది.

హద్దు పటం ఏఎస్‌ఐ (భారత పురావస్తు సర్వేక్షణ) హైదరాబాద్ సర్కిల్ ఆఫీసులో అడగండి. ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. "చార్మినార్ గురించి సమాచారం" అని రాస్తే ఏదో ఒక జవాబు రాసి పంపేస్తారు. "రక్షిత హద్దు చూపే సర్వే స్కెచ్ నకలు" అని సూటిగా అడగండి.

ఇక వరుస. నియంత్రిత ప్రాంతంలో కొత్త కట్టడమే కాదు, మరమ్మతుకు కూడా 1958 నాటి పురావస్తు కట్టడాల చట్టం (2010 సవరణతో) 20సి సెక్షన్ కింద దరఖాస్తు చేయాలి. అది లేకుండా జీహెచ్‌ఎంసీకి వెళ్తే ఫైలు అక్కడే ఆగుతుంది. కాబట్టి ముందు ఇది, తర్వాత మున్సిపాలిటీ.

గల్లీ_ముచ్చట

అన్నా, గింత లొల్లెందుకు? పాతబస్తీల సగం ఇండ్లు రాత్రికి రాత్రే స్లాబులు పోసుకుంటున్నయి. ఎవరడుగుతుండ్రు?

దస్తావేజు_దారి

పక్కింటాయనకు కోపం వచ్చిన రోజు అడుగుతారు తమ్ముడూ. నియంత్రిత ప్రాంతంలో అనుమతి లేకుండా కడితే 30బి సెక్షన్: రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిషేధిత ప్రాంతానికి 30ఎ, శిక్ష అంతే. జైలు దాకా పోవడం అరుదే అనుకుందాం. కానీ సగం విప్పిన కప్పుతో పని ఆపేయమని నోటీసు వస్తే ఆ వానాకాలం ఇల్లు తట్టుకుంటుందా? అసలు నష్టం అక్కడుంది.

పటాల_పెట్టె

అనుమతి అడిగే ముందు "చేయబోయే పనుల వివరణ" అనే కాగితం రాసుకోవాలి. చాలా ఫైళ్లు వెనక్కి వచ్చేది ఇక్కడే. చట్టం పనులను మూడు రకాలుగా చూస్తుంది.

మరమ్మతు, పునరుద్ధరణ: ఉన్న కట్టడంలో చేసే మార్పులు.
పునర్నిర్మాణం: పాత కొలతల్లోనే, అంటే అదే పొడవు వెడల్పు, అదే ఎత్తులో మళ్లీ కట్టడం.
నిర్మాణం: లేనిది కొత్తగా కట్టడం.

మీ ఐదు పనులను ఇందులో పంచితే ఇలా వస్తుంది. పుచ్చిన కడీలు మార్చి అదే పద్ధతిలో కప్పు వేస్తే మరమ్మతు. అదే గదికి కప్పు మొత్తం తీసి ఆర్‌సీసీ స్లాబు పోస్తే పునర్నిర్మాణంగా చూసే అవకాశం ఎక్కువ. ప్లాస్టర్, వైరింగ్ మరమ్మతే. ఆంగన్‌లో బాత్రూమ్ అనుమానమే లేదు, కొత్త నిర్మాణం. ట్యాంకు సంగతి వేరే ఉంది, కింద రాస్తాను.

"ఇంటి ఆధునికీకరణ", "రెనొవేషన్ వర్క్స్" అని ఒక్క లైను రాసి వదిలేయకండి. ఒక్కో పనికి గది పేరు, కొలత, ఇప్పుడున్న వస్తువు, వాడబోయే వస్తువు రాయాలి. నమూనాకు: "పై అంతస్తు, ఈశాన్య గది, 4.0 × 5.0 మీటర్లు. కప్పు: టేకు కడీల మీద సున్నపు మద్రాసు టెర్రస్. పుచ్చిన 3 కడీలు అదే కొలత టేకుతో మార్చి, అదే మందంలో సున్నంతో తిరిగి వేయడం. ఎత్తులో మార్పు లేదు."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి.

ట్యాంకు గురించి. నిరభ్యంతర పత్రంలో (20సి కింద వచ్చే అనుమతి) ఎత్తు రాసేటప్పుడు పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపే లెక్కిస్తారు. ఇల్లు 8.2 మీటర్లు ఉండి, దాని మీద 1.5 మీటర్ల ట్యాంకు దిమ్మెతో సహా పెడితే మీరు అడుగుతున్నది 9.7 మీటర్లు. డ్రాయింగులో 8.2 చూపించి తర్వాత ట్యాంకు ఎక్కిస్తే అనుమతి మీరినట్టే. పొట్టి 500 లీటర్ల ట్యాంకులు రెండు తీసుకుని పిట్టగోడ వెనక, దాని ఎత్తు దాటకుండా పెట్టండి. వెయ్యి లీటర్ల నీళ్లంటే ఒక టన్ను. టెర్రస్ మధ్యలో పెట్టకూడదు. రెండు అడ్డగోడల మీద ఆనేలా ఇనుప గర్డర్లు వేసి వాటి మీద పెట్టాలి.

దస్తావేజు_దారి

పైన చెప్పినదానికి జత కావాల్సిన కాగితాలు:

యాజమాన్యం: రిజిస్టర్డ్ దస్తావేజు, మీ సేవ నుంచి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), ఆస్తి పన్ను రసీదు. పాతబస్తీ దస్తావేజులు చాలా వరకు ఉర్దూలో ఉంటాయి. ఇంగ్లిష్ అనువాదం నోటరీ చేయించి మూలంతో కలిపి పెట్టండి. అనువాదంలో హద్దులు, మున్సిపల్ నంబర్లు పాతవి ఉంటాయి కాబట్టి "పాత నంబరు ఇది, ఇప్పటి నంబరు ఇది" అని ఒక అఫిడవిట్ కావాలి. ఆస్తి వక్ఫ్ జాబితాలో ఉందేమో కూడా ముందే చూసుకోండి. దరఖాస్తు వేశాక బయటపడితే ఏడాది పోతుంది.

వారసులు: ముగ్గురి సంతకాలూ కావాలి. డాలస్‌లో ఉన్నవారు అక్కడ నోటరీ చేయించి అపొస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) వేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, లేదా భారత కాన్సులేట్‌లో సంతకం చేయాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు చాలామందికి తెలియదు. "మరమ్మతు అనుమతులకు దరఖాస్తు చేయడం, సంతకం పెట్టడం, తనిఖీకి హాజరవడం" అని అందులో విడిగా రాయించండి. అమ్మకం అధికారం ఇవ్వాల్సిన పని లేదు, ఇవ్వకండి కూడా.

ఇల్లు పాతదనడానికి రుజువు: 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉందని చూపించేవి. నిషేధిత ప్రాంతంలో ఇది ప్రాణం, నియంత్రిత ప్రాంతంలో బలం. పాత కరెంటు బిల్లు, పన్ను అసెస్‌మెంటు నకలు, ఆ తేదీకి ముందటి అమ్మకం దస్తావేజులో ఇంటి వర్ణన, ఏదైనా సరే.

మన్_పటం

రుజువు సంగతికి ఒక చేర్పు. 1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్‌ను ఇల్లు ఇల్లూ సర్వే చేశారు. 1910ల నాటి ఆ షీట్లలో పాతబస్తీ గల్లీలు, బావులు, గోడలు కూడా కనిపిస్తాయి. మీ ఆంగన్ ఆకారం ఆ షీటులో దొరికితే ప్రింటు తీసి, ఇప్పటి ప్లాను పక్కన పెట్టి జత చేయండి. చట్టపరంగా అది యాజమాన్య పత్రం కాదు. కానీ తనిఖీకి వచ్చిన అధికారికి "ఈ గోడ కొత్తది కాదు" అని చూపడానికి దీనికి మించినది లేదు.

లేపాక్షి_వాకిలి

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దండి. మాది లేపాక్షి, గుడి రక్షిత హద్దుకు 60 మీటర్లు. చౌడు మట్టి మిద్దె. మొన్నటి వానలకు వెనక గోడ ఒక పక్క జారింది. గోడ పడగొట్టి ఇటుకతో కట్టుకోవచ్చా?

దస్తావేజు_దారి

పడగొట్టకండి. మీ ప్రశ్న ఈ చర్చలో అన్నిటికంటే తొందరైనది.

60 మీటర్లంటే నిషేధిత ప్రాంతం. అక్కడ సొంతదారు అడగగలిగేది మరమ్మతు, పునరుద్ధరణ మాత్రమే. అదీ 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇల్లయితే, లేదా ఆ తర్వాత ఏఎస్‌ఐ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టినదైతే. పునర్నిర్మాణానికి దారి లేదు. అంటే ఇల్లు నిలబడి ఉన్నంతవరకే బాగుచేసుకునే హక్కు. పూర్తిగా కూలితే, లేక మీరే కూలిస్తే, అదే కొలతల్లో కట్టుకుంటామన్నా 20సి కింద చోటు లేదు.

జారిన పక్కకు ఈరోజే బల్లలు, సరుగుడు గుంజలతో ఊతం పెట్టండి. పైన టార్పాలిన్ కప్పి నీళ్లు దిగకుండా చేయండి. తేదీ పడేలా ఫోటోలు తీయండి, లోపల, బయట, నాలుగు మూలల నుంచి. దరఖాస్తులో "జారిన 2 మీటర్ల భాగాన్ని అదే మట్టి, రాయితో అదే మందంలో సరిచేయడం" అని రాయండి. ఇటుక గోడ అని రాస్తే మరమ్మతు అనే మాట నిలబడదు. మీకు ఏఎస్‌ఐ తరఫున అమరావతి సర్కిల్.

లేపాక్షి_వాకిలి

అర్థమైందండి. మేస్త్రీని ఆపేశాను.

గానుగ_సున్నం

మిద్దె ఇళ్లవాళ్లకు ఒక మాట. నీళ్లు దిగుతున్నాయని చౌడు మీద చౌడు ఏటేటా పోస్తూ పోతారు. బరువు పెరిగి దూలాలు వంగుతాయి, గోడ తల బయటికి తోసుకుపోతుంది. పైన అడుగు మందం దాటి ఉంటే కొత్తది పోసే ముందు పాతది తీయండి. తీసేటప్పుడు ఒక పక్క నుంచి కాదు, రెండు పక్కల నుంచీ సమంగా.

ఇక కడీలు_కమాన్లు గారి కప్పు. మద్రాసు టెర్రస్‌కు భారత ప్రమాణం ఉంది, ఐఎస్ 2119. దరఖాస్తులో పద్ధతి దగ్గర ఆ నంబరు రాయండి. ఇంజినీరు కూడా "పాత పద్ధతి నాకు తెలియదు, స్లాబు పోద్దాం" అనలేడు.

మీ గదికి లెక్క: కడీల మధ్య 450 మి.మీ. దూరం అనుకుంటే 5 మీటర్ల పొడవులో సుమారు 12 కడీలు. పైన చిన్న టెర్రస్ ఇటుకలు (150 × 75 × 25 మి.మీ.) నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో వేస్తారు. 10 మి.మీ. సందులతో చదరపు మీటరుకు దగ్గరదగ్గర 180. గదికి 3,600, విరిగేవి కలిపి 4,000 తెప్పించండి. ఈ కొలత ఇటుక మామూలు బట్టీలో దొరకదు, ముందే చెప్పి కాల్పించుకోవాలి. దాని మీద 75 మి.మీ. ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, అంటే 1.5 ఘనపు మీటర్లు, కొట్టి గట్టిపడ్డాక. ఆపైన పలచని పెంకుల వరుసలు.

మొత్తం బరువు చదరపు మీటరుకు 350 నుంచి 400 కిలోలు. గదికి ఏడెనిమిది టన్నులు. అందుకే మూడు కడీలే కదా అని వాటి కింద మాత్రమే జాకీలు పెట్టి తీయకూడదు. గది మొత్తానికి ఊతం పెట్టాలి. ఆ ఊతం కింది అంతస్తులోనూ అదే నిలువులో కొనసాగి నేల దాకా దిగాలి. లేకపోతే పై కప్పు బరువు కింది కప్పు మీద పడుతుంది.

కడీ చివర ఎందుకు పుచ్చింది? నూటికి తొంభై పాళ్లు పైన నీటి గొట్టం నోరు మూసుకుపోయి ఉంటుంది, లేదా ఎవరో ఆ మూలను సిమెంటుతో పూడ్చి ఉంటారు. ఆ కారణం తీయకుండా కొత్త టేకు పెడితే అదీ పుచ్చుతుంది. గోడలో కూర్చునే చివర చుట్టూ 25 మి.మీ. ఖాళీ వదలండి, గాలి ఆడాలి. మిగతా కడీ గట్టిగా ఉంటే చివరి అడుగున్నర కోసేసి, కొత్త ముక్క అతికి రెండు పక్కలా ఇనుప పట్టీలు బోల్టులతో బిగించవచ్చు. మొత్తం కడీ మార్చడం కంటే "మరమ్మతు" అనడానికి ఇదే దగ్గర.

పటాల_పెట్టె

పాత టేకు కొంటే బిల్లు, అడవి శాఖ రవాణా పర్మిట్ నకలు దాచుకోండి. కూల్చిన ఇంటి కలప అని చెప్పి అమ్మేవాళ్ల దగ్గర రెండూ ఉండవు. లారీ మధ్యలో ఆగితే చిక్కు మీది.

గల్లీ_ముచ్చట

సరే పెద్దలు చెప్పిన్రు కాబట్టి అడుగుత. ఎన్ని దినాలు పడ్తది ఇదంతా?

దస్తావేజు_దారి

చట్టంలో రాసుకున్న గడువులు ఇవి. దరఖాస్తు అందిన 15 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీ (అనుమతి ఇచ్చే అధికారి) దాన్ని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. వాళ్లు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి. అది అందిన నెలలో కాంపిటెంట్ అథారిటీ అనుమతి ఇవ్వాలి, లేదా కాదనాలి. అంటే మూడున్నర నెలలు. కాదనే ముందు మీ మాట వినే అవకాశం ఇవ్వాలి. దరఖాస్తు ఎన్‌ఓఏపీఎస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో.

గడియారం పరుగెత్తేది ఫైలు నిండుగా ఉన్నప్పుడే. "ఎత్తు స్పష్టంగా లేదు", "సెక్షన్ డ్రాయింగ్ లేదు" అని ఒక్క ప్రశ్న వచ్చినా మళ్లీ మొదటికి. జూన్‌లో వాన మొదలయ్యేలోగా కప్పు మూయాలంటే దరఖాస్తు అంతకు ముందు ఆగస్టు, సెప్టెంబరులో పడాలి. డిసెంబరు, జనవరిలో సున్నం పని చేసుకోవచ్చు.

పటాల_పెట్టె

డ్రాయింగులు 1:100లో: ప్రతి అంతస్తు ప్లాను, నాలుగు ఎలివేషన్లు, కనీసం రెండు సెక్షన్లు. ఉన్నది ఒక షీటు, చేయబోయేది ఇంకో షీటు. తీసేది పసుపు గీతలతో, కొత్తది ఎరుపుతో. సైటు పటంలో రక్షిత హద్దు, మీ ఇంటి దగ్గరి మూల, మధ్య దూరం మీటర్లలో ఉండాలి. 100 మీటర్ల గీత ఇంటి మధ్యలోంచి పోతే ఆ గీతను ప్లాను మీదే గీయండి. గీతకు అటు పక్క గదుల్లో మరమ్మతు తప్ప ఏమీ చూపకండి.

బాత్రూమ్ దరఖాస్తు విడిగా పెట్టుకోమంటాను. మరమ్మతు ఫైలులో ఒక్క కొత్త నిర్మాణం కలిసినా మొత్తం ఫైలును ఆ కంటితోనే చూస్తారు.

దస్తావేజు_దారి

ఇక్కడ నేను ఒప్పుకోను. రెండో దరఖాస్తు వచ్చినప్పుడు "మొదటిదాంట్లో ఎందుకు చెప్పలేదు" అని అడుగుతారు. నా మాట వింటే బాత్రూమ్‌ను ఆంగన్‌లోంచి తీసేయండి. కింద ఉన్న చిన్న గదిని బాత్రూమ్‌గా మార్చండి, కొత్త గోడ లేకుండా. మరమ్మతు కిందే పోతుంది, ఆంగన్ కూడా మిగులుతుంది.

పటాల_పెట్టె

అదైతే నాకూ సమ్మతమే. కానీ ఆ గది గోడలకు నేరుగా టైల్స్ సిమెంటుతో అతికిస్తే సున్నపు గోడ తడి పట్టి అవతలి పక్క ఉబ్బుతుంది. గోడకు వేరుగా సిమెంటు బోర్డు నిలబెట్టి, వెనక 50 మి.మీ. గాలి సందు వదిలి, దాని మీద టైల్ వేయండి.

కడీలు_కమాన్లు

జీహెచ్‌ఎంసీ వైపు ఏముంటుంది? కిందటేడు వానల ముందు శిథిల భవనం అని ఒక నోటీసు అంటించారు. జవాబు ఇవ్వలేదు.

దస్తావేజు_దారి

ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సిందండి! జీహెచ్‌ఎంసీ చట్టం 1955లో 456 సెక్షన్ కింద ఇచ్చే నోటీసు అది. జవాబు లేకపోతే ఖాళీ చేయించి కూల్చే అధికారం వాళ్లకుంది. వారంలోగా మూడు కాగితాలు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి: లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరు నివేదిక (ప్రమాదం ఏ గదికి పరిమితమో, మిగతా ఇల్లు ఎందుకు నిలుస్తుందో కొలతలతో), ఊతం పెట్టిన ఫోటోలు, 20సి దరఖాస్తు రసీదు. "ఇల్లు మొత్తం శిథిలం" అనే మాట నివేదికలో ఎక్కడా రాకుండా చూడండి. ఆ ఒక్క వాక్యంతో కూల్చివేతకూ దారి, పునర్నిర్మాణం అనే ముద్రకూ దారి.

నిరభ్యంతర పత్రం వచ్చాక సర్కిల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో మరమ్మతు సమాచారం లిఖితంగా ఇవ్వండి. గది వాడకం మారుతున్నా, గోడ తెరుస్తున్నా లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ ద్వారా ఆన్‌లైన్‌లో వేయించండి.

మన్_పటం

ఇల్లు హెరిటేజ్ జాబితాలో ఉందేమో కూడా చూడాలి. హైదరాబాద్ జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద ఒక జాబితా ఉండేది. 2015లో ఆ నిబంధనను ప్రభుత్వం తీసేసింది, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. నిబంధన పోయింది కదా అని ధీమా వద్దు. ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్నే 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. జాబితాలో ఉంటే వీధి వైపు ముఖం, అంటే కమాన్లు, జరోఖాలు, గచ్చు నగిషీ, ఏవీ కదిలించకుండా ప్లాను గీయించుకోవాలి.

గానుగ_సున్నం

వీధి గోడ ప్లాస్టర్‌కు: పాత ముక్క ఒకటి ఎండబెట్టి తూచి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయండి. సున్నం కరిగి ఇసుక మిగులుతుంది. మళ్లీ ఎండబెట్టి తూస్తే పాత పాళ్లు తెలుస్తాయి. అదే పాళ్లు దరఖాస్తులో రాయండి. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి. ఉడకని గింజ ఒకటి గోడలో పడితే ఆరు నెలలకు పేలి గుంట పడుతుంది. సందులు 12 మి.మీ. లోతు గీకి, గోడ తడిపి, మొదటి పూత 12 మి.మీ. దాటకుండా వేయండి. తడి గోనెలతో పది రోజులు. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని పెట్టుకోకండి, పొడి పొడిగా రాలిపోతుంది.

మేస్త్రీ "కొంచెం సిమెంటు కలిపితే గట్టిగా ఉంటది సార్" అంటాడు. వద్దు. గట్టిగా ఉండేది పూతే. వెనక ఇటుకలో తడి బయటికి రాలేక ఉప్పు కట్టి, పూత పలకలు పలకలుగా ఊడుతుంది. పైగా మీ కాగితంలో సున్నం అని ఉంటుంది.

పటాల_పెట్టె

కింది గది నేల తవ్వే పని ఉంటే ఒక చిన్న సంగతి. పాత ఇళ్లలో నాణేల ముంత దొరకడం కథల్లో మాటే కాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్నది 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. పాత చెక్కుడు తలుపులు, స్తంభాలు నూరేళ్లు దాటినవైతే 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. డాలస్ వారసుడికి గుర్తుగా ఒక తలుపు ఓడలో పంపుదాం అనుకుంటే కుదరదు, ఎగుమతి నిషేధం.

కడీలు_కమాన్లు

అందరికీ ధన్యవాదాలు. బాత్రూమ్ చిన్న గదిలోకి, ట్యాంకు రెండు పొట్టివి, కప్పు సున్నంతోనే. ముందు 456 జవాబు, ఊతం. ఒక్క సందేహం: ఊతం పెట్టడానికి కూడా అనుమతి కావాలా?

దస్తావేజు_దారి

తాత్కాలికంగా గుంజలు నిలబెట్టడం కట్టడంలో మార్పు కాదు. ఫోటోలతో ఒక ఉత్తరం ఏఎస్‌ఐ సర్కిల్‌కూ, కాంపిటెంట్ అథారిటీకీ, జీహెచ్‌ఎంసీ సర్కిల్‌కూ స్పీడ్ పోస్టులో పంపి, ఊతం పెట్టేయండి. గుంజల కోసం నేల తవ్వకండి, కింద చెక్క పలకలు వేసి వాటి మీద నిలబెట్టండి.